ఊళ్లో ఏడు రోజుల ఎన్ఎస్ఎస్ శిబిరం: రాత్రి రెండు గంటలకు ఎవరు లేస్తారు?

మేడం గారూ,

మీ పరిస్థితి నాకు అర్థమైనంత వరకు ఇదీ. ఎన్ఎస్ఎస్ (జాతీయ సేవా పథకం) ప్రోగ్రామ్ ఆఫీసర్ బాధ్యత మొదటిసారి మీ మీద పడింది. ఫిబ్రవరి చివర్లో దత్తత గ్రామంలో ఏడు రోజుల ప్రత్యేక శిబిరం. 50 మంది వాలంటీర్లు, వారిలో 22 మంది అమ్మాయిలు. కాలేజీకి 30 కిలోమీటర్ల దూరం, ఊరిని ఆనుకొని చెరువు, బస ఉన్నత పాఠశాలలో ఇచ్చిన మూడు గదుల్లో. ప్రిన్సిపాల్ గారు "అత్యవసర పరిస్థితుల ప్రణాళిక" రాసి ఇమ్మన్నారు. నమూనా ఉంటే పంపమని అడిగారు.

నమూనా ఉంది, కానీ పంపను. కోపగించుకోకండి. పదవీ విరమణ చేసేలోగా 14 శిబిరాలు నడిపాను. ఆ నమూనా ఎన్ని కాలేజీల ఫైళ్లు తిరిగి వచ్చిందో నాకు తెలుసు. ఒకచోట పరిశీలనకు వెళ్తే నాకు చూపించిన ప్రణాళికలో మూడో పేజీలో వేరే కాలేజీ పేరు అలాగే మిగిలిపోయింది. సముద్రం ఎటువైపు ఉందో కూడా తెలియని మెట్ట ఊరికి అందులో తుఫాను ఆశ్రయ భవనం ప్రస్తావన ఉంది. ఆ బడిలో కరెంటు మెయిన్ స్విచ్ ఎక్కడుందో మాత్రం లేదు.

నేను ప్రణాళిక అనేది వేరే. రాత్రి 2 గంటలకు ఒక కుర్రవాడు కడుపు పట్టుకొని లేచాడనుకోండి. ఎవరిని లేపుతాడు? లేచినవారు ఏ బండి తీస్తారు, దాని తాళంచెవి ఎవరి జేబులో ఉంది? ఏ ఆసుపత్రికి వెళ్తారు? వాళ్లు వెళ్లాక మిగిలిన 49 మంది దగ్గర ఎవరుంటారు? ఇంటికి ఫోను ఎవరు చేస్తారు? వీటికి మనుషుల పేర్లతో జవాబులు ఉంటే మీకు ప్రణాళిక ఉన్నట్టే, అది అరపేజీ అయినా సరే. "సంబంధిత సిబ్బంది తగు చర్యలు తీసుకొనెదరు" అని ఉంటే ఇరవై పేజీలున్నా లేనట్టే.

2025 జులై 4 తెల్లవారుజామున అమెరికాలోని టెక్సస్‌లో గ్వాడలూప్ నది పొంగి, ఒడ్డునే ఉన్న క్యాంప్ మిస్టిక్ అనే బాలికల వేసవి శిబిరంలో 27 మంది అమ్మాయిలు చనిపోయారు. చాలా మంది చిన్న పిల్లలు, వారిని చూసుకునే అమ్మాయిలు ఇద్దరు. అక్కడ స్థిరపడిన మన వాళ్లు కూడా పిల్లలను ఇలాంటి శిబిరాలకు పంపుతుంటారు కాబట్టి ఆ వార్త మీరూ చూసే ఉంటారు. అంతకు రెండు రోజుల ముందే రాష్ట్ర తనిఖీ అధికారులు వచ్చి, రాతపూర్వక అత్యవసర ప్రణాళిక ఉందని చూసుకొని వెళ్లారు. వరద హెచ్చరిక కూడా రాత్రి ఒంటిగంట దాటాక వచ్చింది. హెచ్చరికకూ గదులు ఖాళీ చేయించడానికీ మధ్య గంటకు పైగా గడిచిపోయింది. మన చెరువు ఊరికి ఆ నది వరద రాదు. అయినా ఫోను చేతిలో పట్టుకొని ఒక మనిషి మేలుకొని ఉండడం, "లేవండి, కదలండి" అనే అధికారం ఆ మనిషికి ముందే ఇచ్చి ఉండడం ఎంత అవసరమో ఆ వార్త చదివాక నాకు ఇంకా గట్టిగా అనిపించింది.

ముందు మనుషుల లెక్క గురించి చెబుతాను, ఎందుకంటే నాకు జీవితంలో అతి పొడవైన రాత్రి లెక్క తప్పడం వల్లే వచ్చింది. అది నా నాలుగో శిబిరమో ఐదో శిబిరమో. సాయంత్రం 7 గంటలకు భోజనాల దగ్గర ఒక కంచం మిగిలింది. ఒక అబ్బాయి లేడు. ఆఖరుసారి ఎవరు చూశారంటే తలా ఒక మాట. ఈలోగా ఎవరో చెరువు గట్టు మీద జత చెప్పులు చూశామన్నారు. ఇక చూడండి, నా కాళ్లలో బలం పోయింది. జాలరులు తెప్పల మీద లాంతర్లు పెట్టుకొని నీళ్లలోకి దిగి గంటన్నర వల తిప్పారు. తొమ్మిదిన్నరకు ఆఖరి బస్సు దిగి మా వాడు చేతిలో లడ్డూల పొట్లంతో నింపాదిగా నడుచుకుంటూ వచ్చాడు. అక్క నిశ్చితార్థమట. "సార్, మిమ్మల్ని ఇబ్బంది పెట్టడం ఎందుకని చెప్పలేదు" అన్నాడు. చెప్పులు గేదెలు కాసే పెద్దాయనవి.

ఆ మర్నాటి నుంచి నా శిబిరాల్లో ప్రతి వాలంటీరుకూ 1 నుంచి 50 వరకు ఒక నంబరు. పేర్లు పిలిస్తే పావుగంట పడుతుంది, పైగా పక్కవాడు "ప్రెజెంట్ సార్" అనేస్తాడు. వరుసగా నంబర్లు అరిపిస్తే నిమిషం కూడా పట్టదు. ఎక్కడ ఆగిందో అక్కడ మనిషి లేడన్నమాట. పక్కపక్క నంబర్లవాళ్లు జంట. జంటలో ఒకరు ఎక్కడున్నారో రెండోవారు చెప్పగలగాలి, లేకపోతే ఇద్దరికీ ఆ రోజు అంట్లు తోమే పని. ఉదయం లేవగానే, శ్రమదానానికి బయలుదేరేముందు, తిరిగి వచ్చాక, చీకటి పడగానే, పడుకోబోయే ముందు లెక్క జరగాలి. ఊరు దాటి వెళ్లేవాళ్లు పుస్తకంలో రాసి, మీ సంతకం తీసుకొని వెళ్లాలి. మొదటి రోజు పిల్లలు నవ్వుతారు. నవ్వనివ్వండి.

తరవాత బండి. 108 సేవలు 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలయ్యాయి. అంతకు ముందు శిబిరాలు నడిపినవాళ్లకు దాని విలువ బాగా తెలుసు. నా మొదటి శిబిరంలో కాలు తెగిన అబ్బాయిని పాల వ్యానులో తీసుకెళ్లాను. కానీ ఇప్పుడు అందరికీ ఒక ధీమా వచ్చేసింది, "108 ఉంది కదా" అని. ఉంది, మొదటి ఫోను దానికే చేయాలి. ఆ సమయానికి ఆ మండలం అంబులెన్స్ వేరే కేసు మీద జిల్లా ఆసుపత్రిలో ఉండవచ్చు. అందుకని శిబిరంలో రాత్రి పూట ఒక కారు, పక్కనే పడుకున్న డ్రైవరు ఉండి తీరాలి. శిబిరానికి వచ్చే డబ్బు ఎంతో నాకు తెలుసు, అద్దె కారు అందులో ఇమడదు. మీ లెక్చరర్లలో కారు ఉన్నవారిని వంతుల వారీగా రాత్రి బసకు రమ్మనండి. లేదా సర్పంచ్ గారిని అడగండి. కారున్న రైతు ప్రతి ఊళ్లో ఇద్దరు ముగ్గురు ఉంటారు, పిల్లల కోసమంటే కాదనరు. అడగడం ముందే జరగాలి, వారి ఇల్లు మీకు చీకట్లో కూడా దొరకాలి. ట్రాక్టరు మాత్రం వద్దు. రోగికే కాదు, ఆఖరి రోజు సరదా యాత్రకూ పిల్లలను ట్రాక్టరు తొట్టిలో ఎక్కించకండి. ఎంత బతిమాలినా ఒప్పుకోకండి.

ఆసుపత్రికి మీరే ఒకసారి స్వయంగా వెళ్లండి, చీకటి పడ్డాక వెళ్లండి. పగలు అరగంట పట్టే దారిలో రాత్రి రైల్వే గేటు పడి ఇరవై నిమిషాలు ఆగవలసి వస్తుందని మాకు అలాగే తెలిసింది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో రాత్రి డాక్టరు ఉంటారా, పాము విషానికి విరుగుడు మందు ప్రస్తుతం నిల్వ ఉందా, వెంటిలేటర్ ఉన్న దగ్గరి ఆసుపత్రి ఏది అని మూడు ప్రశ్నలు అడిగి రాసుకోండి. ఊరి ఆశా కార్యకర్తను, ఏఎన్ఎంను మొదటి రోజే శిబిరానికి పిలిచి పిల్లలకు పరిచయం చేయండి. దుశ్శాలువాలు, పూలదండలు సర్పంచ్ గారికీ ఎమ్మెల్యే గారికీ ఎలాగూ వేస్తాం. ఒక శాలువా ఆశా కార్యకర్తకు వేయండి. అవసరం పడితే మొదట వచ్చేది ఆమే.

ఇంకొక చిన్న పని. ఒక అట్ట మీద పెద్ద అక్షరాలతో ఊరి పేరు, మండలం, ఏ రోడ్డు నుంచి ఎటు తిరగాలి, కనబడే గుర్తు ఏమిటి అనేవి రాసి, 108, 112, మీ నంబరు, డ్రైవరు నంబరు, ఆసుపత్రి నంబరు కింద రాసి వరండా స్తంభానికి అంటించండి. కంగారులో ఉన్న పిల్లవాడికి తానున్న ఊరి పేరు కూడా నోటికి రాదు. "హైస్కూల్ దగ్గర" అంటాడు. జిల్లాలో హైస్కూళ్లు ఎన్నో!

పాముల దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను, మన్నించండి. ఊరి బడి, నేల మీద పక్కలు, మూలన చెక్కబల్లల గుట్ట, బయట తుమ్మ చెట్లు, రాత్రి మిగిలిన అన్నం, దాని కోసం ఎలుకలు. ఇంతకంటే మంచి ఆహ్వానం పాముకు మనం ఇవ్వలేం. మన ప్రాంతంలో ఎక్కువ ప్రాణాలు తీసే వాటిలో నాగుపాము, రక్తపింజరి కరిస్తే సాధారణంగా తెలుస్తుంది: నొప్పి, వాపు. కట్లపాముతో అసలు చిక్కు. అది రాత్రి తిరుగుతుంది, నేల మీద పడుకున్నవాళ్లను నిద్రలో కరుస్తుంది, నొప్పి ఉండదు, గాటు కూడా చాలాసార్లు కనిపించదు. తెల్లవారుజామున కడుపునొప్పి, వాంతి, గొంతు పట్టేసినట్టు ఉండడం, ఆ తరవాత కనురెప్పలు వాలిపోవడం, మాట ముద్దగా రావడం, చివరికి ఊపిరి అందకపోవడం.

మా శిబిరంలో ఒక అబ్బాయి తెల్లవారుజామున నాలుగింటికి కడుపునొప్పి అన్నాడు. ముందు రోజు రాత్రి పులిహోర. అందరం పులిహోర మీదికే నేరం నెట్టాం. ఎవరో వాము నమలమన్నారు, ఇంకెవరో సోడా తెచ్చారు. పొద్దున పాల కోసం అటు వచ్చిన ఆశా కార్యకర్త అతని ముఖం చూసి "ఇతను కళ్లెందుకు తెరవలేకపోతున్నాడు సార్?" అంది. నేను నిద్రమత్తు అనుకున్నాను. ఆమె అనుకోలేదు. రెండు రోజులు వెంటిలేటర్ మీద ఉండి బతికాడు. ఇప్పుడు ఎక్కడో బ్యాంకులో పని చేస్తున్నాడు. ఆ రోజు నుంచి నాది ఒకటే సూత్రం: నేల మీద పడుకున్నవాళ్లెవరైనా తెల్లవారేలోగా కడుపునొప్పి అంటే టార్చి వేసి కళ్లు చూడు, పైకి చూడమను, రెప్పలు నిలుస్తున్నాయో లేదో చూడు. అనుమానం ఉంటే బండి ఎక్కించు. తప్పు అనుమానమైతే పోయేది పెట్రోలే.

కరిచాక చేయవలసింది తక్కువ, చేయకూడనిది ఎక్కువ. తాడుతో గట్టిగా కట్టకూడదు, కోయకూడదు, నోటితో పీల్చకూడదు, మంచు పెట్టకూడదు, పసరు పోయకూడదు. ఉంగరాలు, గాజులు, పట్టీలు, గడియారం తీసేయాలి, ఎందుకంటే వాపు వస్తే అవే బిగుసుకుంటాయి. కాలో చెయ్యో విరిగినప్పుడు కట్టినట్టు కర్ర పెట్టి కదలకుండా ఉంచాలి, నడిపించకూడదు. కరిచిన సమయం కాగితం మీద రాయాలి. పామును వెతికి చంపి తేనక్కరలేదు. మన దగ్గర ఇచ్చే విరుగుడు మందు నాలుగు ప్రధాన విషసర్పాలకూ కలిపి చేసినదే. చంపబోయి రెండోవాడు కాటు తిన్న సంగతులు విన్నాను. ఊళ్లో తప్పకుండా ఎవరో మంత్రం వేసే తాత పేరు చెబుతారు. వాళ్లతో వాదనకు దిగకండి, సమయం పోతుంది, ఊరితో చెడుతుంది. "సరే, ఆసుపత్రి నుంచి రాగానే చూపిస్తాం" అని బండి కదిలించండి.

రాకుండా చూసుకోవడం మరీ చవక. ఇంటి నుంచి దోమతెర తెచ్చుకోమని చెప్పండి. దాన్ని చాప కిందికి మడిచి పడుకుంటే దోమలకూ పాములకూ ఒకే తడిక. పక్కలు గోడకు జానెడు కాదు, రెండు మూరల దూరంలో పరవాలి. బూట్లు, దుప్పట్లు దులిపి వాడాలి, తేళ్ల కోసం కూడా. తేలు కుట్టినవాళ్లలో చాలా మందికి నొప్పే ఉంటుంది. ఒళ్లంతా చెమటలు పట్టి, కాళ్లు చేతులు చల్లబడి, వాంతులు మొదలైతే మాత్రం అది ఆసుపత్రి కేసు.

ఫిబ్రవరి చివర అన్నారు కాబట్టి తేనెటీగలు. దీన్ని ఎవరూ ప్రణాళికలో రాయరు, నా శిబిరాల్లో ఎక్కువ మందిని ఆసుపత్రికి పంపినవి మాత్రం అవే. రావిచెట్టుకో మర్రిచెట్టుకో బడి మేడ చూరుకో చేటంత పట్టు వేలాడుతుంటుంది. దాని కిందే మనం పొయ్యి పెడతాం. పొగ వెళ్తుంది, అంతే. వెళ్లగానే తల పైకెత్తి చూడండి. పట్టు కనిపిస్తే వంట చోటు మార్చండి, ఆ చెట్టు దగ్గర డప్పులు, మైకు, చెత్త తగలబెట్టడం వద్దు. లేచాయంటే నిలబడి చేతులు ఊపకూడదు, నేల మీద పడుకోకూడదు. బట్టతో ముఖం కప్పుకొని గదిలోకి పరిగెత్తి తలుపు వేసుకోవాలి. నీళ్లలోకి దూకడం సినిమాల్లో బాగుంటుంది. ముళ్లను గోటితోనో కార్డు అంచుతోనో వెంటనే గీకి తీసేయాలి. ఒకరిద్దరికి మాత్రం ఒకటి కుట్టినా పెదవులు ఉబ్బి, ఒళ్లంతా దద్దుర్లు లేచి, ఊపిరి ఆడక పడిపోతారు. వాళ్లకు నిమిషాలే ఉంటాయి, బండి ముందు వాళ్లకే.

చెరువు సంగతి. మీ 50 మందిలో ఈత వచ్చినవాళ్లు పదిమంది ఉంటారు, వాళ్లతోనే మీకు పని. రానివాడు ఒడ్డున కూర్చుంటాడు. 2014 జూన్ 8న హైదరాబాద్ నుంచి విహారయాత్రకు వెళ్లిన ఇంజనీరింగ్ విద్యార్థులు 24 మంది హిమాచల్ ప్రదేశ్‌లోని మండి జిల్లాలో బియాస్ నదిలో కొట్టుకుపోయారు. వాళ్లు ఈతకు దిగలేదు, ఫొటోల కోసం రాళ్ల మీదికి వెళ్లారు. ఎగువన లార్జి ఆనకట్ట నుంచి నీళ్లు వదిలారు. ఆ రాళ్ల మీద నిలబడ్డ పిల్లల వీడియో చూసినవాళ్లు నీళ్ల దగ్గర శిబిరం పెట్టేటప్పుడు వేరే పాఠం అడగరు. కాలువకైనా అంతే, లాకులు ఎప్పుడు ఎత్తుతారో మనకు చెప్పరు. చెరువు మీకు కనిపిస్తుంది కాబట్టి జాగ్రత్త పడతారు. ఊరి చివర గ్రావెల్ తవ్విన గుంతల్లో నిలిచిన నీళ్లు కూడా చూడండి, అంచు నుంచి ఒక్క అడుగు వేస్తే నిలువు లోతు. నా నియమం: నీళ్లలోకి ఎవరూ దిగరు, సెల్ఫీకి కూడా. స్నానం బోరు దగ్గర.

అయినా జరిగితే వెనకే దూకనివ్వకండి. ఒకరి కోసం ఒకరు దూకి ముగ్గురు నలుగురు పోయిన వార్తలు ఏటా పేపర్లో చదువుతూనే ఉన్నాం. పొడవాటి వెదురు, తాడు, మూత బిగించిన ఖాళీ 20 లీటర్ల క్యాను గట్టున ఉంటే చాలు; పట్టుకొని తేలతారు. బయటికి తీసినవాడిని తలకిందులుగా తిప్పి కడుపు నొక్కడం మన ఊళ్లలో అలవాటు, అలా చేయనివ్వకండి. ఊపిరి లేకపోతే నోటి ద్వారా శ్వాస ఇచ్చి, ఛాతీ మధ్యలో నిమిషానికి 100 నుంచి 120 సార్లు, ఐదారు సెంటీమీటర్లు దిగేలా నొక్కాలి. 30 నొక్కులకు 2 శ్వాసలు, 108 వచ్చేదాకా. ఇది చదివితే రాదు. శిబిరానికి ముందే రెడ్‌క్రాస్ వాళ్లనో ఆసుపత్రి నర్సునో పిలిచి బొమ్మ మీద నేర్పించండి, వాలంటీర్లలో పదిమందికైనా.

వంట, మంట. 2004 జులై 16న తమిళనాడులోని కుంభకోణంలో ఒక బడిలో 94 మంది పిల్లలు కాలిపోయారు. మంట వంటశాల పూరికప్పు దగ్గర మొదలైంది. మీ వంట షామియానా పడక గదులకు గాలివాలున దూరంగా ఉండాలి, సిలిండర్ల గుట్ట పొయ్యి పక్కన ఉండకూడదు, రెండు బకెట్ల ఇసుక, తడి గోనెసంచి దగ్గర ఉండాలి. దీనికంటే ముఖ్యం, వరండా గ్రిల్లు. మా మూడో శిబిరంలో నేను రాత్రి లేచి చూస్తే బయట తాళం! వాచ్‌మన్ పాపం మంచివాడే, అమ్మాయిల భద్రత కోసమని తాళం వేసి, చెవి తీసుకొని ఊరి అవతల ఉన్న ఇంటికి వెళ్లిపోయాడు. లోపల 60 మంది మనుషులు, దోమల చుట్టలు, దుప్పట్లు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. గడియ లోపలి నుంచి వేసుకోండి, తాళం వేస్తే చెవి లోపల మేకుకు వేలాడాలి.

తిండి గురించి పొడుగ్గా చెప్పను. వండిన రెండు గంటల్లో వడ్డించండి, మధ్యాహ్నం అన్నం రాత్రికి కలపకండి, వడ్డించే అరగంట ముందు ఒక లెక్చరర్ రుచి చూడాలి, ప్రతి వంటకం ఒక గిన్నెడు మూతపెట్టి మర్నాటి దాకా ఉంచాలి. ఓవర్‌హెడ్ ట్యాంకు మూత తీసి మీరే లోపలికి చూడండి. నేను ఒకసారి చూశాను, ఏం కనిపించిందో ఇక్కడ రాయను. విరేచనాలు మొదలైతే ఓఆర్ఎస్ పొట్లం లీటరు నీళ్లలో కలపాలి, గ్లాసులో కాదు. పొట్లం లేకపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్లకు ఆరు టీ చెంచాల చక్కెర, అర టీ చెంచా ఉప్పు. ఒకేసారి నలుగురైదుగురికి వాంతులైతే అది జీర్ణం కాకపోవడం కాదు, అందరినీ లెక్కబెట్టి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి చెప్పాల్సిన విషయం. ఎండ ముదిరితే శ్రమదానం ఉదయం 10కి ఆపేయండి. వడదెబ్బకు మనిషి మతి తప్పి మాట్లాడుతుంటే నీడలో పడుకోబెట్టి ఒళ్లంతా తడిపి విసురుతూ ఆసుపత్రికి తీసుకెళ్లాలి, స్పృహ లేనివాడి నోట్లో మజ్జిగ పోయకూడదు.

పిల్లలు దాచే జబ్బులు మరొకటి. ఆరోగ్య వివరాల ఫారం ఇస్తే 50కి 50 "ఏమీ లేవు" అని వస్తాయి. ఫిట్స్ ఉన్న అమ్మాయి ఎందుకు రాస్తుంది? రేపు పెళ్లి సంబంధాల మాట ఇంట్లోవాళ్ల భయం. మాత్రలు ఇంట్లో వదిలి వస్తుంది, మూడు రాత్రులు నిద్ర ఉండదు, నాలుగో రోజు పడిపోతుంది. అందుకే ఫారం అందరి ముందు నింపించకండి. మూసిన కవరులో తీసుకోండి, మీరు తప్ప ఎవరూ చూడరని చెప్పండి, ఆ మాట నిలబెట్టుకోండి. ఒక్కొక్కరినీ రెండు నిమిషాలు విడిగా కూర్చోబెట్టి "రోజూ వేసుకునే మాత్ర ఏమైనా ఉందా అమ్మా?" అని అడగండి. "జబ్బు ఉందా" అంటే లేదంటారు, "మాత్ర ఉందా" అంటే చెబుతారు. ఫిట్స్ వస్తే తాళాలు చేతిలో పెట్టడం, నోట్లో చెంచా దూర్చడం వద్దు. పక్కకు తిప్పి, తల కింద మెత్తటిది పెట్టి, గడియారం చూడండి. ఐదు నిమిషాలు దాటితే 108.

కరెంటు గురించి ఒక్క మాట. ఆఖరి రాత్రి సాంస్కృతిక కార్యక్రమానికి ఎవరో కుర్రవాడు స్తంభం నుంచి తీగ లాగుతానంటాడు. వద్దు. ఊరి లైన్‌మన్‌ను పిలిచి కట్టించండి. జెండా ఇనుప గొట్టం, ఫ్లెక్సీ ఇనుప చట్రం పైకెత్తేముందు నెత్తి మీద తీగలు చూసుకోండి.

అమ్మాయిల బస దగ్గర రాత్రి మహిళా లెక్చరర్ ఉండి తీరాలి, ఒక్క రాత్రి కూడా మినహాయింపు వద్దు. మరుగుదొడ్డి దారిలో రాత్రంతా లైటు వెలగాలి. మొదటి సంవత్సరం పిల్లల్లో 18 నిండనివాళ్లు ఉంటారని మరచిపోకండి. వాళ్ల విషయంలో లైంగిక వేధింపు జరిగిందని తెలిసినా, జరిగిందన్న గట్టి అనుమానం ఉన్నా, 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు చెప్పడం మన ఇష్టాయిష్టాలకు వదిలిన విషయం కాదు. "కాలేజీ పరువు" అని ఎవరైనా పక్కకు తీసుకెళ్లి చెబితే, వారి పేరు కూడా రాసుకోండి. పిల్లల సహాయానికి 1098 ఉంది. దిగులు పడి మూల కూర్చునే పిల్లలు కూడా ప్రతి శిబిరంలో ఒకరిద్దరు ఉంటారు. ఇంటి మీద బెంగ అని తేలిగ్గా తీసేయకండి. మానసిక సమస్యలకు టెలీ మానస్ వాళ్లు 14416లో తెలుగులోనే మాట్లాడతారు.

ఏదైనా జరిగాక ఎవరు మాట్లాడాలన్నది కూడా ముందే తేలాలి. తేనెటీగల రోజున మా వాళ్లు పదకొండు మందికి కుట్టాయి, అందరూ సాయంత్రానికి తిరిగి వచ్చి టీ తాగారు. ఆలోగా వాట్సాప్‌లో అది "ముప్ఫై మంది విద్యార్థుల పరిస్థితి విషమం" అయింది. ఒక తల్లి ఆటో కట్టించుకొని ఏడుస్తూ వచ్చింది. ఆమె కొడుకు అప్పుడు వాలీబాల్ ఆడుతున్నాడు. అందుకని దెబ్బ తగిలిన పిల్లల ఇంటికి మొదటి ఫోను మీదే కావాలి, అది ఊరి వార్త కాకముందే వెళ్లాలి. జరిగింది, ఇప్పుడు పిల్లవాడు ఎలా ఉన్నాడు, ఏ ఆసుపత్రి, మళ్లీ ఎప్పుడు ఫోను చేస్తారు: ఇంతే చెప్పండి. "ఏమీ లేదు, కంగారు పడకండి" అనకండి. ఆ మాట వినగానే తెలుగు తల్లిదండ్రులు బయలుదేరిపోతారు.

మొదటి రాత్రి భోజనాలయ్యాక, ముందు చెప్పకుండా ఈల వేసి అందరినీ మైదానంలోకి రప్పించండి, నంబర్లు పలికించండి. మా మొదటి ప్రయత్నానికి 11 నిమిషాలు పట్టింది. ఇద్దరు తువ్వాలు వెతుక్కున్నారు, ఒకడు నిద్ర లేవలేదు, ఆ సంగతి అతని జంట కూడా చూసుకోలేదు. మూడో రాత్రికి రెండు నిమిషాల్లో వచ్చారు. రాత్రి కాపలాకు ఇద్దరిద్దరు వాలంటీర్లను రెండేసి గంటల చొప్పున వేయండి, వాళ్లతో పాటు వంతుగా ఒక లెక్చరర్. టార్చి, ఈల, ఛార్జింగ్ నిండా ఉన్న ఒక ఫోను వాళ్ల చేతి నుంచి వీళ్ల చేతికి మారుతుండాలి. అనుమానం వస్తే మిమ్మల్ని లేపమని చెప్పండి. ఉత్తి పుణ్యానికి లేపినా విసుక్కోకండి. ఒక్కసారి విసుక్కుంటే ఆ తరవాత ఎవరూ లేపరు.

ప్రిన్సిపాల్ గారికి ఏం ఇవ్వాలంటారా? పైన చెప్పిన వాటికి ఎదురుగా పేర్లు, ఫోను నంబర్లు రాసి ఒక్క పేజీ ఇవ్వండి. ఆయన నాలుగు పేజీలు కావాలంటే మిగిలిన మూడూ మీకు ఏ కాలేజీ నుంచైనా దొరుకుతాయి, పేరు మార్చడం మాత్రం మరచిపోకండి.

శిబిరానికి ముందు ఒక రాత్రి సహ లెక్చరర్ ఎవరినైనా తోడు తీసుకొని ఆ బడికి వెళ్లి రండి. మీ ఫోనుకు సిగ్నల్ ఎక్కడ దొరుకుతుందో చూసి నాకు రాయండి. మాకు ఒక ఊళ్లో పంచాయతీ ఆఫీసు మెట్ల మీద, అదీ మూడో మెట్టు మీద మాత్రమే దొరికేది. ఏడు రాత్రులూ అక్కడ ఒక కుర్చీ వేసి ఉంచాం.